పంపుగృహపు కేబుళ్లు: వాటి వేడియు, అవి మోయగల ప్రవాహమును

ఎత్తిపోతల సంఘములు గల గ్రామములందు పంపుగృహమే పైరునకు ఆయువుపట్టు. అందలి మోటారు చెడినచో మనము వెంటనే మేస్త్రీకి కబురంపుదుము. పంపు బేరింగులకు వేళకు గ్రీజు పెట్టింతుము. కాని స్విచ్చిబోర్డునుండి మోటార్ల కడకు పోవు కేబుళ్లను తలయెత్తి చూచువారు అరుదు. అవి కదలవు, చప్పుడు చేయవు, నూనె నడుగవు. ఒకసారి వేసిన పిమ్మట ఎల్లకాలము అట్లే యుండునని మన నమ్మకము. ఆ నమ్మకము మూలముననే నడివేసవిలో, పైరు తడికై ఎదురుచూచు వేళ, కేబులు కాలి నీరు నిలిచిపోవుట సంభవించుచున్నది.

“ఈ 10 చదరపు మిల్లీమీటర్ల కేబులు ఎన్ని ఆంపియర్లు మోయును?” అని సభ్యులు తఱచుగా అడుగుదురు. దీనికి ఒక్క అంకెతో ప్రత్యుత్తర మిచ్చుట సాధ్యము కాదు. ఆ కేబులును ఎచ్చట వేసినారు? దాని ప్రక్కన మఱి యెన్ని కేబుళ్లు కలవు? ఆ గదిలోని గాలి యెంత వేడిగా నున్నది? ఈ మూడు ప్రశ్నలకు బదులు దొరకిన పిమ్మటనే ఆ అంకె తేలును. కేబులు శక్తి దాని లోహమునందే కాక, దాని చుట్టునున్న గాలియందును కలదు. ఈ సంగతిని విశదపఱచుటయే ఈ మాసపు పాఠము.

1. వేడి యెచ్చట పుట్టుచున్నది?

ఏ లోహపు తీగయైనను విద్యుత్ప్రవాహమును కొంత అడ్డగించును. ఈ అడ్డగింపునకు నిరోధమని పేరు. నిరోధమును దాటి పోవునప్పుడు విద్యుచ్ఛక్తిలో కొంతభాగము వేడిగా మాఱును. ఈ వేడి యే నియమము ననుసరించి పుట్టునో ఇంగ్లండు దేశస్థుడగు జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ పరిశోధించి, తన ఫలితములను 1841లో ప్రకటించెను. ఆయన కనుగొన్న నియమము చిన్నదే కాని రైతు మఱువరానిది. ప్రవాహము రెట్టింపైనచో వేడి రెట్టింపు కాదు, నాలుగింత లగును. ప్రవాహము మూడింతలైనచో వేడి తొమ్మిదింత లగును.

కావున ప్రవాహమున స్వల్పమైన హెచ్చు కూడ లక్ష్యపెట్టదగినదే. లైనులో వోల్టేజి నూటికి పది పాళ్లు తగ్గినదనుకొందము. మోటారు తన పనిని మానదు. అదే నీటిని అదే ఎత్తునకు తోడుటకై సుమారు నూటికి పదకొండు పాళ్లు ఎక్కువ ప్రవాహమును లాగికొనును. ప్రవాహము పదకొండు పాళ్లు హెచ్చగా కేబులులో వేడి ఇరువదిమూడు పాళ్లు హెచ్చును. “వోల్టేజి తగ్గినది గదా, తీగకు శ్రమ తగ్గును” అని తలంచుట పొరపాటు.

మఱియొక చిక్కు కలదు. రాగికిని అల్యూమినియమునకును వేడి హెచ్చినకొలది నిరోధము హెచ్చును. ఒక్కొక్క సెంటీగ్రేడు డిగ్రీకి ఈ హెచ్చు సుమారు నూటికి 0.4 వంతు. వేడెక్కిన తీగ అదే ప్రవాహమునకు మఱింత వేడిని పుట్టించును. కావున కేబులు ఒకసారి హద్దు దాటినచో దాని పరిస్థితి త్వరగా విషమించును.

2. వేడి యెట్లు పోవుచున్నది?

తేమ యాఱని వడ్లను కళ్లములో రాశిపోసి రెండు దినములు విడిచిన నేమగునో రైతులకు మేము చెప్ప బనిలేదు. రాశి పైభాగము చల్లగానే యుండును. చేయి లోపలికి చొప్పించినచో నడుమ వేడి తగులును. రాశి పైనున్న గింజకు గాలి కలదు. నడుమనున్న గింజకు చుట్టును తనవంటి గింజలే. అది తన వేడిని ఎవరికీయగలదు? అందుచేతనే మనము ఆ వడ్లను పలుచగా పఱచి ఆఱబోయుదుము. వడ్లు అవియే, తేమయు అదియే. పఱచిన తీరే వేఱు.

కేబుళ్ల గతియు నిట్లే. లోపలి తీగలో పుట్టిన వేడి ఇన్సులేషనును, పైతొడుగును దాటి గాలిలోనికి పోవలెను. కేబులు ఒంటిగా, గాలి తగులునట్లున్నచో వేడి అన్ని వైపులకును పోవును. ఆఱు కేబుళ్లను ఒకే కట్టగా బిగించినచో నడుమనున్న కేబులునకు గాలి దొరకదు. దాని వేడి దాటవలసిన దారిలో మిగిలిన కేబుళ్ల వేడియే అడ్డముండును.

పుట్టు వేడియు, పోవు వేడియు సమానమగు వఱకు కేబులు వేడెక్కుచునే యుండును. సమానమైన చోట ఆగును. ఆ ఆగెడు చోటు ఇన్సులేషను ఓర్చుకొను హద్దునకు లోపల నుండినచో క్షేమము. హద్దు దాటినచో నష్టము. కేబులు విషయమున చెప్పు లెక్క లన్నియు ఈ ఒక్క సమానత్వము నుండి పుట్టినవే. భూమిలోను గాలిలోను వేసిన కేబుళ్లకు ఈ లెక్కను సమగ్రముగా కట్టు పద్ధతిని నెహర్, మెక్‌గ్రాత్ అను అమెరికా ఇంజనీర్లు 1957లో ప్రకటించిరి. ట్రేలలో క్రమము లేక ఒకదానిపై నొకటిగా పడియున్న కేబుళ్లను గూర్చి స్టోల్ప్ అను ఇంజనీరు 1971లో ప్రత్యేకముగా విచారించెను. ఆయన ఆ కేబుళ్ల మొత్తమును ఒకే దట్టమైన పరుపుగా భావించి లెక్క కట్టెను. పరుపు మందము హెచ్చినకొలది ఒక్కొక్క కేబులు మోయదగిన ప్రవాహము తఱుగునని తేలినది. ఇది మన వడ్లరాశి సంగతియే.

3. ఇన్సులేషను ఓర్పునకు హద్దు

మన పంపుగృహములలో సామాన్యముగా కనబడునది పీవీసీ ఇన్సులేషను గల కేబులు. ఎడతెగక నడచు వేళ దాని లోపలి తీగ 70 డిగ్రీల సెంటీగ్రేడు మించి వేడెక్కరాదు. ఎక్స్‌ఎల్‌పీఈ అను వేఱొక రకమునకు ఈ హద్దు 90 డిగ్రీలు.

హద్దు దాటిన క్షణముననే కేబులు కాలిపోదు. మనలను మోసగించునది ఇదియే. హద్దు దాటిన కేబులు ఆ దినము పనిచేయును, ఆ నెలయు పనిచేయును. కాని లోపల ఇన్సులేషను గట్టిపడి, పెళుసై, పగుళ్లు దేలుచుండును. 8 నుండి 10 డిగ్రీల వేడి హెచ్చినపుడెల్ల ఇన్సులేషను ఆయుస్సు సగమగునని ఇంజనీర్లు స్థూలముగా ఒక లెక్క వాడుదురు. ఈ లెక్క చొప్పున ఇరువదియేండ్లు రావలసిన కేబులు ఎడతెగక 20 డిగ్రీలు హెచ్చుగా నడచినచో అయిదేండ్లకే ముగియును. “క్రొత్త కేబులే గదా, ఎట్లు కాలినది?” అను ప్రశ్నకు ప్రత్యుత్తరము పెక్కు సందర్భములలో ఇదియే.

4. పట్టికలోని అంకె, మన పంపుగృహములోని అంకె

కేబులు తయారుచేయువారు ఇచ్చు పట్టికలో ఒక్కొక్క పరిమాణమునకు ఎదురుగా కొన్ని ఆంపియర్లు వ్రాసి యుందురు. ఆ అంకె నిజమే. కాని అది కొన్ని షరతులకు లోబడినది. కేబులు ఒంటిగా నుండవలెను, గాలి తగులుచుండవలెను, మన దేశపు పట్టికలలో సామాన్యముగా గాలి వేడి 40 డిగ్రీలని యెంచబడును. ఈ షరతులు మాఱినచో అంకెయు మాఱవలెను. మాఱిన దానిని కనుగొనుటకు పట్టికలోని అంకెను ఒకటికన్న చిన్నదగు గుణకముతో హెచ్చవేయుదురు.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక సంఘమువారి పంపుగృహములో 15 హార్స్‌పవర్ మోటార్లు ఆఱు కలవనుకొందము. ఒక్కొక్కటి నిండుపనిలో సుమారు 22 ఆంపియర్లు లాగును. ఒక్కొక్క మోటారునకు 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియపు పీవీసీ కేబులు, లోపల మూడు తీగలు గలది, వేసినారు. పట్టికలో ఈ కేబులునకు గాలిలో 40 ఆంపియర్లని యున్నదనుకొందము. నలుబది యెక్కడ, ఇరువదిరెండెక్కడ? ఎవరికైనను ఇది పుష్కలమనియే తోచును.

ఇప్పుడు వేసవి సంగతి చూతము. రేకుల కప్పు క్రింద, ఆఱు మోటార్ల వేడితో, ట్రే యున్న ఎత్తున గాలి 50 డిగ్రీలకు చేరును. పీవీసీ కేబులునకు దీని గుణకము సుమారు 0.82. నలుబది కాస్తా 32.8 ఆంపియర్లైనది.

ఇక ఆ ఆఱు కేబుళ్లను వేసిన తీరు చూతము.

మొదటి తీరు: ఆఱింటిని ఒకే కట్టగా బిగించి వేసిరి. ఆఱు కేబుళ్ల కట్టకు గుణకము 0.57. అప్పుడు ఒక్కొక్క కేబులు మోయదగినది 18.7 ఆంపియర్లు మాత్రమే. మోటారు లాగునది 22. కేబులు ప్రతిదినము హద్దు దాటుచున్నది.

రెండవ తీరు: కట్ట విప్పి, రంధ్రములు గల ట్రేపై ఒకే వరుసగా, ఒకదాని ప్రక్కన ఒకటి తగులునట్లు పఱచిరి. గుణకము 0.73. మోయదగినది 23.9 ఆంపియర్లు. పని గట్టెక్కినది, కాని లైనులో వోల్టేజి తగ్గి మోటారు 24 ఆంపియర్లకు పైగా లాగునప్పుడు మరల కొఱత పడును.

మూడవ తీరు: అదే ట్రేపై కేబులునకును కేబులునకును నడుమ ఒక కేబులు లావంత ఎడము విడిచి పఱచిరి. గుణకము 0.91. మోయదగినది 29.8 ఆంపియర్లు. వోల్టేజి తగ్గినను భయము లేదు.

చదువరులు ఈ మూడు అంకెలను ప్రక్కప్రక్కన నుంచుకొని చూతురుగాక. 18.7, 23.9, 29.8. కేబులు మాఱలేదు, మోటారు మాఱలేదు, గది మాఱలేదు. క్రొత్తగా కొన్నది లేదు. పఱచిన తీరు మాత్రమే మాఱినది.

గదికి గవాక్షములు పెట్టించి గాలి వేడిని 50 నుండి 45 డిగ్రీలకు తగ్గించిన చాలదా యని కొందఱు అడుగవచ్చును. లెక్క చూతము. 45 డిగ్రీలకు గుణకము 0.91. 40ని 0.91తోను, కట్ట గుణకమగు 0.57తోను హెచ్చవేయగా 20.7 వచ్చును. ఇది 22నకు ఇంకను తక్కువే. గవాక్షములు మంచివే, పెట్టింపవలసినవే. కాని కట్ట విప్పకుండ గవాక్షములు మాత్రమే పెట్టించుట, రాశి చెదరగొట్టకుండ కళ్లమునకు గాలి కోరుటవంటిది.

5. ఫ్యూజు కాపాడదా?

“హద్దు దాటినచో ఫ్యూజు పోవును గదా” యని పలువురి ధైర్యము. ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని తనగుండా పోవు ప్రవాహమునే యెఱుగును. ఆవల కేబుళ్లు కట్టగా నున్నవో, విడిగా నున్నవో దానికి తెలియదు. పై ఉదాహరణములో 32 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టియున్నచో 22 ఆంపియర్ల వద్ద అది కదలదు. కాని కట్టలోని కేబులు 18.7కే హద్దు చేరినది. ఎం.సి.బి. నెమ్మదిగా చూచుచుండగనే కేబులు ఉడుకుచుండును.

కావున నియమ మిట్లుండవలెను. మోటారు ప్రవాహము కన్న ఎం.సి.బి. అంకె తక్కువ కారాదు, ఎం.సి.బి. అంకె కన్న, గుణకములతో హెచ్చవేసిన పిమ్మట కేబులు మోయదగిన అంకె తక్కువ కారాదు. స్టార్టరులోని ఓవర్‌లోడు రిలేను మోటారు పేరుపలకపై నున్న ఆంపియర్లకే నిలుపవలెను. మాటిమాటికి పోవుచున్నదని ఫ్యూజులో లావుపాటి తీగ చుట్టుట, కాపలావానికి మత్తుమందు పెట్టి నిద్రపుచ్చుటయే.

6. ట్రే నెట్లుంచవలెను?

ట్రేకు అడుగున రంధ్రములుండుట, లేదా అది నిచ్చెనవలె అడ్డకమ్ములతో నుండుట మేలు. గాలి క్రిందినుండి వచ్చి కేబుళ్లను తాకి పైకి పోవలెను. మూతపెట్టిన ట్రేలో ఆ దారి మూసికొనిపోవును. ఎలుకల భయమున మూత తప్పనిసరియైనచో జల్లెడవంటి మూత వేయింపుడు. గోడకును ట్రేకును నడుమ కనీసము 20 మిల్లీమీటర్ల సందుండవలెను. ఒకదానిపై నొక ట్రే వేయవలసినచో నడుమ 300 మిల్లీమీటర్లుండవలెను. పై ట్రేకు క్రింది ట్రే వేడి కూడ తగులునని మఱువరాదు.

ట్రేపై ఖాళీ సంచులు, గ్రీజుగుడ్డలు, పాత పైపులు పెట్టుట మన గ్రామములలో సామాన్యమైన అలవాటు. సంచి కేబులునకు కంబళి కప్పినట్లే. సంఘమునకు బియ్యపు మిల్లు కూడ నున్నచో అచ్చటి ట్రేలలో ఊకదుమ్మును, తవుడును అంగుళము మందమున పేరుకొనుట కద్దు. ఆ దుమ్ము వేడిని పోనీయదు. పైపెచ్చు నిప్పును అందుకొనును. వేసవికి ముందును, పంట వచ్చిన పిమ్మటను ట్రేలను దులిపించుట సంఘము కార్యక్రమములో చేరవలెను.

మంట ట్రే వెంబడి యెంత దూరము పోగలదో తెలుపు సంగతి యొకటి కలదు. 1975 మార్చి 22న అమెరికాలోని అలబామా రాష్ట్రమున బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్కేంద్రములో కేబుళ్లు గోడను దాటు సందువద్ద గాలి కాఱుచున్నదేమో చూచుటకై ఒక పనివాడు కొవ్వొత్తిని పట్టెను. సందులో కూరిన నురుగువంటి పదార్థ మంటుకొని, మంట ట్రేల వెంబడి ప్రాకి, 1,600కు పైగా కేబుళ్లకు నష్టము కలిగెను. అచ్చట నిప్పు పుట్టుటకు కారణము కేబులు వేడి కాదు. కాని ట్రే మంటకు బాట కాగలదని ఆ సంఘటన లోకమునకు చాటినది. ట్రే సమీపమున బీడీ, దీపము, వెల్డింగు కూడదు. గోడసందులను మూయుటకు గుడ్డపేలికలు, గడ్డి వాడక, మండని పదార్థమునే వాడవలెను. పీవీసీ కాలిన పొగ ఊపిరితిత్తులను మండించు ఆమ్లమును కలిగి యుండును. అట్టి పొగలోనికి ఎవ్వరును దూఱరాదు.

7. చుట్టగా నుంచిన కేబులు

ఎత్తిపోతల సంఘము లేని చోటను, బోరుబావి గల ప్రతి రైతునకును ఈ పాఠమున ఒక భాగము కలదు. మోటారును ఇంకను లోతునకు దింపవలసివచ్చునేమో యని మనము కేబులును హెచ్చుగా కొని, మిగిలినదానిని చుట్టగా చుట్టి స్టార్టరు పెట్టె ప్రక్కన వ్రేలాడదీయుదుము. ముందుచూపు మంచిదే. కాని పది చుట్లు బిగువుగా చుట్టిన కేబులు పది కేబుళ్ల కట్టతో సమానము. అన్ని చుట్లలోను అదే ప్రవాహము పోవుచుండును. దానిపై వేసవి ఎండ కూడ పడినచో నల్లని పైతొడుగు మఱింత వేడి గ్రహించును.

బోరులోని కేబులు నీటిలో మునిగియున్నంత మేర చల్లగా నుండును. నీటిపైన గొట్టములోని కేబులునకు గాలి కదలిక తక్కువ. బయటి చుట్టలో అన్నిటికన్న వేడి యెక్కువ. కేబులు శక్తిని దానిలోని చల్లని భాగమును బట్టి కాక, మిక్కిలి వేడియైన భాగమును బట్టియే నిర్ణయింపవలెను. నూఱు మీటర్లు నీటిలో క్షేమముగానున్నను, చుట్టలోని ఒక్క మీటరు కాలిన చాలును, నీరు నిలిచిపోవును. కావున మిగిలిన కేబులును నీడపట్టున, చుట్టకును చుట్టకును ఎడముండునట్లు, గోడమీద పెద్ద వంకరలుగా మేకులకు తగిలించుడు.

భూమిలో పాతిన కేబులునకు మట్టి యే చల్లదన మిచ్చును. తడిమట్టి వేడిని బాగుగా గ్రహించును. ఎండిన ఇసుక గ్రహింపదు. నల్లరేగడి నేల వేసవిలో నెఱ్ఱెలువాఱినచో కేబులు ప్రక్కన గాలిసందు లేర్పడి వేడి నిలిచిపోవును. అందుచే రాళ్లు లేని మెత్తని మట్టిని చుట్టును గట్టిగా నింపి, సుమారు 75 సెంటీమీటర్ల లోతున పాతవలెను. పెక్కు కేబుళ్లను ఒకే గొట్టములో కుక్కుట, కట్టగా కట్టుటయు ఒక్కటే.

8. అందఱి మోటార్లును ఒక్కసారి

కట్ట గుణకములు అన్ని కేబుళ్లును ఒకే వేళ నిండుగా పనిచేయుచున్నవని యెంచి ఏర్పఱచినవి. తాను మోయదగిన దానిలో నూటికి ముప్పది వంతులకు మించి మోయని కేబులును ఈ లెక్కనుండి విడువవచ్చును. ఆఱు మోటార్లలో మూడు ఉదయమును, మూడు సాయంకాలమును వంతులవారీగా నడచినచో ప్రక్కనున్న కేబుళ్ల వేడి ఆ మేరకు తగ్గును.

కాని కరెంటు కొన్ని గంటలే వచ్చు చోట్ల వచ్చిన క్షణముననే అందఱి మోటార్లును లేచును. ఆటో స్టార్టర్లున్నచో మనిషి లేకుండగనే లేచును. అప్పుడు కేబుళ్లన్నియు ఒక్కసారి వేడెక్కును. లైనులో వోల్టేజియు అప్పుడే పడిపోవును. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ఇయ్య నారంభించినప్పుడు ఆటో స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరెను. భూగర్భజలమును కాపాడుట దానికి ముఖ్యహేతువు. కేబులునకును అందు మేలు కలదని మేము చెప్పుదుము. వంతు పాటించుట కాలువనీటి విషయమున మన పెద్దలు నేర్పిన నీతియే. అది తీగకును వర్తించును.

9. ఖర్చు విషయము

పై ఉదాహరణములోని 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియపు తీగకు 20 డిగ్రీల వద్ద కిలోమీటరు ఒక్కింటికి నిరోధము 3.08 ఓములు, 70 డిగ్రీల వద్ద సుమారు 3.7 ఓములు. 22 ఆంపియర్లు పోవునప్పుడు ఒక్కొక్క కేబులు మీటరునకు సుమారు 5.4 వాట్ల వేడిని విడుచును. ఆఱు కేబుళ్లు, 30 మీటర్ల దూరము. మొత్తము సుమారు 970 వాట్లు. పంపుగృహపు కప్పు క్రింద వేయి వాట్ల హీటరు నొకదానిని దినమంతయు వెలిగించి యుంచినట్లే. ఎనిమిది గంటలు నడచినచో ఒక దినమునకు సుమారు ఏడున్నర యూనిట్ల పైచిలుకు విద్యుత్తు వృథాయగుచున్నది.

16 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేసినచో నిరోధము 1.91 ఓములకు తగ్గును. అదే ప్రవాహమునకు వేడి నూటికి 38 పాళ్లు తగ్గును. కావున పాత కేబులు మార్చవలసిన కాలము వచ్చినప్పుడు ఒక మెట్టు లావు కేబులు కొనుట దండుగ కాదు. కాని క్రమము తప్పరాదు. మొదట కట్ట విప్పి పఱచుడు. పిమ్మట గదికి గాలి కల్పింపుడు. అటుపైనను లెక్క చాలనిచో అప్పుడు లావు కేబులు కొనుడు. లావు కేబులు కొని మరల కట్టగా కట్టినచో సంఘపు సొమ్ము సగము నీళ్లపాలైనట్లే.

10. సంఘము చేయవలసిన పనులు

కేబులుపై చేయి పెట్టి వేడి చూచుట ప్రాణాపాయము. పగిలిన ఇన్సులేషను కంటికి కనబడదు. దూరమునుండి వేడిని చూపు పరికరములు ఇప్పుడు అంగళ్లలో దొరకుచున్నవి. సంఘమునకు ఒకటి చాలును. మోటార్లన్నియు రెండు మూడు గంటలు నడచిన పిమ్మట, మధ్యాహ్న వేళ, కట్ట నడుమను, వంపులవద్దను, స్టార్టరు చివరలందును చూపించి, అంకెలను పుస్తకములో వ్రాయుడు. పైతొడుగు మీద కనబడిన దానికన్న లోపలి తీగ హెచ్చు వేడిగా నుండునని తెలిసికొనుడు. ఒక్క చివర మాత్రమే మిగిలిన భాగముకన్న వేడిగా నున్నచో అది వదులైన బిగింపునకు గుఱుతు. అల్యూమినియపు తీగను రాగి టెర్మినలునకు తగిలించు చోట రెండు లోహములకును తగిన ప్రత్యేకపు లగ్గునే వాడవలెను.

కట్ట విప్పుట, పఱచుట మొదలగు పనులు మెయిను స్విచ్చి ఆపి, తాళము వేసి, లైసెన్సు గల ఎలెక్ట్రీషియను చేతనే చేయింపవలెను. పెళుసుబాఱిన పాత కేబులును వంచినచో పగులును. అట్టిదానిని మార్చుటయే మేలు.

వేసవికి ముందు జరుగు సభలో ఈ క్రింది ప్రశ్నలను చదివి, ప్రత్యుత్తరములను మినిట్సు పుస్తకమున వ్రాయింప ప్రార్థన.

ఒకటి: మన పంపుగృహపు ట్రేలో కేబుళ్లు ఎన్ని? అవి కట్టగా నున్నవా, వరుసగా నున్నవా?

రెండు: నడివేసవి మధ్యాహ్నమున ట్రే ఎత్తున గాలి వేడి యెంత?

మూడు: ఒక్కొక్క మోటారు వాస్తవముగా లాగుచున్న ఆంపియర్లెన్ని? గుణకములతో హెచ్చవేసిన పిమ్మట దాని కేబులు మోయదగినవి యెన్ని?

నాలుగు: ఎం.సి.బి. లేదా ఫ్యూజు అంకె ఆ రెంటి నడుమ నున్నదా?

అయిదు: ట్రేను కడపటిసారి దులిపించిన తేదీ యెప్పుడు?

ఈ అయిదు ప్రశ్నలకు బదులు వ్రాయుటకు ఒక పూట చాలును. కేబులు కాలిన పిమ్మట క్రొత్తది తెచ్చి వేయుటకు ఎన్ని దినములు పట్టునో, అన్ని దినములు పైరు నీరు లేక యుండవలెను. ఆఱు మోటార్ల క్రింది ఆయకట్టు ఒకరిది కాదు. పెక్కు కుటుంబముల ఏడాది తిండి అది. గోడవెంట మౌనముగా పోవు ఆ నల్లని తీగలపై ఏటికొకసారి దృష్టి పెట్టుట సంఘమందలి ప్రతి సభ్యుని విధి.